హెల్మెట్‌లో ఫోన్ ఇరికించుకుని బండి నడిపే తమ్ముడితో ఎలా వేగాలి?

ఉప్పల్ అక్క: మా తమ్ముడు రోజూ ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి బైక్ మీదే వెళ్తాడు. ఫోన్ హెల్మెట్‌లో చెవి దగ్గర ఇరికించి దారంతా మాట్లాడుతూనే ఉంటాడు, అడిగితే "చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి కదక్కా" అంటాడు. మొన్న హబ్సిగూడ దగ్గర ఫోన్ జారిపోతుంటే భుజంతో నొక్కిపట్టుకుని ముందున్న ఆటోని గుద్దబోయాడట. పైగా నవ్వుతూ చెప్తున్నాడు!

లెక్కల మాస్టారు: చేతులు కాదమ్మా, ధ్యాస ఎక్కడుందన్నది చూడాలి. 60 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు స్క్రీన్ చూస్తే 50 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే.

బండోడు: మాటలతో వినడండీ, చలానా పడాలి. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక ఫోన్ చేత్తో పట్టుకుని నడిపితే 184వ సెక్షన్ కింద మొదటిసారే 1,000 నుంచి 5,000 దాకా ఫైను, జైలుకి కూడా పంపొచ్చు. దారి చూసుకోవడానికైతే వాడుకోవచ్చు, అదీ ధ్యాస చెదరకుండా.

కాలినడక: నడిచేవాళ్లం మాత్రం తక్కువ తిన్నామా? నేను చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రీల్ చూస్తూ రోడ్డు దాటుతుంటే ఆర్టీసీ బస్సు హారన్ అస్సలు వినబడలేదు, వెనకాల పూలమ్మే ఆవిడ చున్నీ పట్టి లాగింది. ఇంతకీ అక్కా, ఆ టైంలో అతనికి ఫోన్ చేసేదెవరు?

ఉప్పల్ అక్క: ...సగం కాల్స్ నావే. "బయల్దేరావా, ఎక్కడిదాకా వచ్చావు" అని.