ఘనాలో ఎన్‌క్రుమా తొమ్మిదేళ్లకే ఎందుకు పడిపోయాడు?

అలిపిరి_చదువరి: తిరుపతిలో ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్‌లో ఘనా గురించి మాట్లాడాలి, టెన్షన్‌గా ఉంది. 1957 మార్చి 6న ఇంగ్లీషువాళ్ల నుంచి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు జనం నెత్తిన పెట్టుకున్న నాయకుడు ఎన్‌క్రుమాను 1966 ఫిబ్రవరి 24న సైన్యం దించేస్తే, అదే జనం రాజధాని అక్రా వీధుల్లో సంబరాలు చేసుకున్నారు. మధ్యలో ఏం జరిగింది?

కోనేటిగట్టు: ప్రచ్ఛన్న యుద్ధం కోణం వదలొద్దండి. వియత్నాంలో శాంతి కోసమని హనోయ్ బయల్దేరి ఆయన దారిలో చైనాలో ఉండగా కుట్ర జరిగింది. అమెరికా హస్తం ఉందని చాలామంది అంటారు.

బంగారుపాళ్యం_మాస్టారు: అమ్మా, అమెరికా సంగతి చెప్పొద్దనను. కానీ అక్కడ మొదలుపెడితే కోకో రైతు కనబడడు. నేను బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు తోతాపురి మామిడి చూసుకుంటున్నాను. మన పంటకు ధర ఇంకొకరు కడితే కడుపు ఎట్లా మండుతుందో మా వైపు ఏ రైతునడిగినా చెప్తాడు.

ముందు అసాంటె రాజ్యానికి రాజధాని అయిన కుమాసి నగరం గురించి తెలుసుకో. 1701 ప్రాంతంలో ఒసెయ్ టుటు అనే రాజు డెంకిరా రాజ్యాన్ని ఓడించి అసాంటె రాజ్యాన్ని నిలబెట్టాడు. వాళ్ల బంగారు పీఠం మీద రాజు కూడా కూర్చోడు, అది జాతి ప్రాణం. ఇంగ్లీషువాళ్లు 1896లో రాజు ప్రెంపెను పట్టుకుపోయారు. 1900లో గవర్నర్ హాడ్జ్‌సన్ వచ్చి ఆ పీఠం తెచ్చివ్వండి, నేను కూర్చోవాలన్నాడు! ఎజిసు రాజమాత యా అసాంటెవా యుద్ధానికి లేచింది. ఓడిపోయి, సీషెల్స్ దీవుల్లో ప్రవాసంలోనే 1921లో కన్నుమూసింది. పీఠాన్ని మాత్రం వాళ్ల చేతికి చిక్కనివ్వలేదు. అంత పౌరుషం ఉన్న నేల అది.

ఆ నేలలోనే తర్వాత కోకో విరగపండింది. పండించినవాళ్లు తెల్లదొరలు కాదు, ఊళ్లలోని నల్లజాతి రైతులే. 1947లో వచ్చిన మార్కెటింగ్ బోర్డు వాళ్ల దగ్గర తక్కువకు కొని బయట ఎక్కువకు అమ్మేది. 1954లో ప్రపంచ ధర ఎగబాకుతుంటే, అప్పటికే ఇంగ్లీషు పాలన కిందే ప్రధానిగా ఉన్న ఎన్‌క్రుమా ప్రభుత్వం 60 పౌండ్ల (సుమారు 27 కిలోల) కోకోకు రైతుకిచ్చే ధరను 72 షిల్లింగులని నాలుగేళ్లకు బిగించేసింది. వెంటనే కుమాసిలో జాతీయ విముక్తి ఉద్యమం అనే ప్రతిపక్ష పార్టీ పుట్టింది. ధరతో పాటు ఫెడరల్ వ్యవస్థ కూడా కావాలన్నారు. 1956 ఎన్నికల్లో ఎన్‌క్రుమా పార్టీ 104లో 71 సీట్లు గెలిచింది, అసాంటెలో మాత్రం వెనకబడింది.

కోకో మీద మిగిలిన డబ్బుతో ఎన్‌క్రుమా బడులు పెట్టాడు, తెమా రేవు కట్టాడు, అది కాదనను. ఆ రైతులను కూర్చోబెట్టి మాట్లాడాల్సింది పోయి ప్రాంతీయ పార్టీలను నిషేధించాడు. నా దృష్టిలో అసలు పతనం అక్కడే మొదలైంది. 1965లో కోకో ధర కుప్పకూలేసరికి ఆదుకునేవాళ్లు లేకపోయారు.

అలిపిరి_చదువరి: చాలా థాంక్స్ మాస్టారూ. 1948 కాల్పుల గురించి కూడా చెప్పాలా?

బంగారుపాళ్యం_మాస్టారు: తప్పకుండా చెప్పు. బర్మా యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల తరఫున పోరాడి వచ్చిన మాజీ సైనికులు ఫిబ్రవరి 28న గవర్నర్‌కు అర్జీ ఇవ్వడానికి వెళ్తుంటే కాల్చారు, ముగ్గురు చనిపోయారు. ఆ గొడవల్లో ఎన్‌క్రుమానూ, తర్వాత ఆయనకు ప్రత్యర్థి అయిన స్వాతంత్ర్య నాయకుడు జె.బి. డాన్క్వానూ కలిపే అరెస్టు చేశారు. విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టాన్ని 1958లో ఎన్‌క్రుమాయే తెచ్చాడు. 1964లో దేశాన్ని ఏకపార్టీ రాజ్యం చేశాడు. 1965లో డాన్క్వా ఆ ప్రభుత్వ నిర్బంధంలోనే చనిపోయాడు. సైన్యం దగ్గరికి వెళ్లేముందు ఇవన్నీ వరసగా చెప్పమ్మా.