ఘాజీ సినిమాలోని పోరు ఎంతవరకు నిజం?

మాది తిరుపతి. ఆదివారం చంద్రగిరి కోట చూసి వచ్చాక, రాత్రి 2017 నాటి ఘాజీ సినిమా పెట్టాను. అప్పటి నుంచి మా తొమ్మిదో తరగతి అబ్బాయి నన్ను వదలడం లేదు. 1971 డిసెంబరులో విశాఖ దగ్గర ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి మునిగింది నిజమే. అయితే ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నౌక ముంచిందని మన నౌకాదళం, లోపలి పేలుడో, తాను పెట్టిన మైన్ (సముద్రపు మందుపాతర) పేలడమో కారణమని పాకిస్తాన్ అంటాయి. సినిమాలోనేమో జలాంతర్గామితో జలాంతర్గామి తలపడుతుంది! రెండూ నీటి అడుగున ఉండగా ఒకటి రెండోదాన్ని ముంచింది 1945లో బ్రిటిష్ వెంచురర్ ఒక్కటేనని చదివాను. నౌకాదళంలో పనిచేసినవారు దయచేసి చెప్పండి, కంటికి కనిపించని శత్రువు మీదికి టార్పెడో (నీటిలో దూసుకెళ్లి పేలే ఆయుధం) గురి ఎలా కుదురుతుంది? శబ్దం విని అంటే మావాడు ఒప్పుకోవడం లేదు.