టెక్స్-మెక్స్ హోటల్లో శాకాహారి ఏం తినవచ్చు? డాలస్‌కు కొత్త, సలహా కావాలి

కొత్త సభ్యురాలు, ఇర్వింగ్:

సభ్యులందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఈ మధ్యనే ఉద్యోగంలో చేరాను. శుక్రవారం మధ్యాహ్నం మా ఆఫీసు వాళ్లమంతా టెక్స్-మెక్స్, అంటే టెక్సస్ తీరు మెక్సికన్ వంట దొరికే హోటల్‌కు వెళ్తున్నాం. నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. మెనూ చూశాను కానీ సగం పేర్లు అర్థం కాలేదు. ఏం తెప్పించుకుంటే నిశ్చింతగా తినవచ్చు? అందరి మధ్యా చేత్తో తింటే బాగుంటుందా? తెలిసినవారు చెప్పగలరు.

ప్లేనో నుంచి:

అమ్మా, స్వాగతం. ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ‘ఇందులో మాంసం ఉందా?’ అని అడిగితే సర్వరు నిజాయితీగానే లేదంటారు. అడగవలసింది ‘దీన్ని దేనితో వండారు?’ అని.

భోజనం పళ్లెంలో ఒక పక్కన గోధుమరంగు ముద్ద ఉంటుంది, అది రిఫ్రైడ్ బీన్స్. పింటో చిక్కుడు గింజలను ఉడికించి, మెదిపి, వేయించినవి. మనం పప్పులో నెయ్యి వేసుకున్నంత మామూలుగా వాళ్లు అందులో పంది కొవ్వు వేస్తారు. ఇప్పుడు చాలా హోటళ్లు నూనెకు మారాయి, అయినా అడగకుండా నోట పెట్టవద్దు. రెండో పక్కన ఎర్రటి అన్నం ఉంటుంది. అందులో కనిపించేవి టమాటా, బఠాణీ. కానీ చాలా చోట్ల దాన్ని కోడి మాంసం ఉడికించిన నీళ్లతోనే వండుతారు. టోర్టియాలంటే మన రొట్టెల్లాంటివి. మైదా టోర్టియాల పిండిలోనూ కొవ్వు కలిపి ఉండవచ్చు. మొక్కజొన్న టోర్టియా నయం. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బి చేస్తారు, కొవ్వుతో పని లేదు. మొక్కజొన్న పిండిలో కూర పెట్టి ఆవిరి మీద ఉడికించే తమాలేల జోలికి మాత్రం పోకండి. లోపల కూరగాయలే ఉన్నా, పై పిండిని సాధారణంగా కొవ్వుతోనే గిలక్కొడతారు.

వంటింట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు ఎక్కువ. పంది కొవ్వును ‘మాంతెకా’ అంటారు. ‘సిన్ మాంతెకా’ అంటే అది లేకుండా అని. ఈ రెండు మాటలు నేర్చుకుని వెళ్లండి.

ఆస్టిన్ నుంచి:

ప్లేనో వారు చెప్పినది నిజమే కానీ అసలు ప్రమాదం బీన్స్‌లో కాదు, గ్రేవీలో ఉంది. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు జరిగినది చెబుతాను. కొంచెం పెద్దదే, అయినా పూర్తిగా చదవండి. హోటల్ పేరు రాయను.

ఆవిడ ఏకాదశి తప్పకుండా ఉపవాసం ఉండే మనిషి. అందుకని కూర్చోగానే సర్వరును వివరంగా అడిగాను. టోర్టియాలో చీజ్ చుట్టి చేసే చీజ్ ఎంచిలాడాలో ఏముందంటే చీజ్, ఉల్లిపాయ అన్నాడు. బీన్స్ దేనిలో వేయించారంటే నూనెలో అన్నాడు. అన్నం వద్దన్నాం. మేం శాకాహారులమని, గొడ్డు మాంసం, కోడి, చేప ఏదీ తినమని కూడా చెప్పాను. అతను తల ఊపి రాసుకున్నాడు.

పళ్లెం వేడిగా ఉంది, ముట్టుకోవద్దని చెప్పి మరీ బల్ల మీద పెట్టాడు. పైన పసుపు పచ్చని చీజ్ ఇంకా బుడగలు కక్కుతోంది. దాని కింద ముదురు గోధుమరంగు గ్రేవీ, గుప్పుమని జీలకర్ర వాసన. ‘మన పోపు వాసనలాగే ఉందే’ అని అత్తగారు సంతోషపడి తినడం మొదలుపెట్టారు. నేను ఫోర్కుతో గ్రేవీని పక్కకు జరిపి చూస్తే అడుగున సన్నటి రవ్వ రవ్వగా మాంసం!

సర్వరును పిలిచాను. ‘అది చిల్లీ గ్రేవీ, ఎప్పుడూ బీఫ్‌తోనే చేస్తాం. మీరు లోపల ఏముందని అడిగారు, పైన ఏం పోస్తారని అడగలేదు’ అన్నాడు. మేనేజరు వచ్చి అదే పాట పాడాడు. అన్నీ చెప్పి ఆర్డరు ఇచ్చామని నేను, వంటకం మామూలుగా చేసే తీరులోనే చేశామని ఆయన. చాలాసేపు వాదించాక ఆ ఒక్క పళ్లెం ధరలో సగం తగ్గించాడు. డబ్బు ఎవరికి కావాలి? అత్తగారు ఇంటికి రాగానే తలస్నానం చేసి, మర్నాడంతా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. ఆ హోటల్ గుమ్మం మళ్లీ తొక్కలేదు.

టెక్సస్‌లో చీజ్ ఎంచిలాడా అంటే చాలా చోట్ల పైన చిల్లీ గ్రేవీ ఉంటుంది. మెనూలో దాని పేరు పక్కన శాకాహారమని చెప్పే ఆకు బొమ్మ ఉన్నా సరే, పైన పోసేది ఏమిటని అడగండి. టమాటాల్లా కనిపించే పచ్చ టొమాటియోలతో చేసే సల్సా వెర్దే అనే పచ్చడి పోయించుకోవచ్చు, అందులో కోడి నీళ్లు లేవని తేలాక. కేసో అని కరిగించిన చీజ్ గిన్నె వస్తుంది, దానిలోనూ కొన్ని చోట్ల మాంసం కలుపుతారు. మా ఊళ్లో మ్యాట్స్ ఎల్ రాంచో వారి బాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్ డిప్ ఎంతో ప్రసిద్ధి. టెక్సస్ ల్యాండ్ కమిషనర్‌గా పనిచేసిన ఆయన పేరే దానికి పెట్టారు. ఆ గిన్నెలో చీజ్ మధ్య టాకోల్లో, అంటే మడిచిన టోర్టియాల్లో పెట్టే మాంసం ఉంటుంది.

ఫ్రిస్కో నుంచి:

మాంసాహారులకూ ఇదే తంటా. మా ఇంట్లో కోడి, మేక తింటాం, గొడ్డు మాంసం, పంది మాంసం తినం. పోయో అంటే కోడి, కమరోన్ అంటే రొయ్య. కార్నే అసాదా గొడ్డు మాంసం, బార్బకోవా కూడా ఇక్కడ ఎక్కువగా అదే. కార్నితాస్, అల్ పాస్తోర్ పంది మాంసం, చోరీసో కూడా సాధారణంగా అదే. పెనం మీద కాల్చి టోర్టియాలతో తినే ఫహీతా అని మాత్రమే రాసి ఉంటే ఏ మాంసమో అడిగి తీరాలి.

హ్యూస్టన్ నుంచి:

ఫహీతా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మొదట్లో రియో గ్రాండే నది పక్క పశువుల క్షేత్రాల్లో పనివాళ్లకు ఇచ్చే చవక మాంసం ముక్క అది. ఊరంతా ఎగబడి తినేలా చేసినవారిలో మా హ్యూస్టన్ నిన్ఫా లారెంజో పేరు ముందుంటుంది. భర్త పోయాక, పిల్లలను పెంచుకుంటూ, నష్టాల్లో ఉన్న టోర్టియా కార్ఖానాలోనే 1973లో నావిగేషన్ బులవార్డ్ మీద చిన్న హోటల్ తెరిచారు. అలాంటి మనుషుల కష్టం మీద నిలబడిన వంట ఇది. ప్రతి పళ్లెంలో ప్రమాదం ఉందన్నట్టు కొత్తవారిని బెదరగొట్టకండి.

అమ్మాయికి సరిపడేది వెజిటబుల్ ఫహీతా. ఉల్లిపాయ, క్యాప్సికం, పుట్టగొడుగులు ఇనుప పెనం మీద బుస్సుమంటూ వస్తాయి. మాంసం కాల్చిన పలక మీద కాకుండా వేరే పెనంలో వేయించమని చెప్పాలి, అంతే.

టిప్పు ఇరవై శాతం ఇవ్వండి. అంతకు తగ్గించవద్దు.

ప్లేనో నుంచి:

ఇరవై ఎందుకండీ? మధ్యాహ్న భోజనానికి పదిహేను చాలు, అదీ పన్ను కలపకముందు మొత్తం మీద. డాలస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం ఉంది, పన్ను మీద కూడా టిప్పు ఇస్తామా? పైగా ఆరుగురో ఎనిమిదిమందో దాటితే చాలా హోటళ్లు వాళ్లే కలిపేస్తాయి. బిల్లులో ‘గ్రాట్యుటీ’, అంటే టిప్పు అన్న వరుస ఉందేమో చూడకుండా సంతకం పెడితే రెండుసార్లు ఇచ్చినట్టే.

హ్యూస్టన్ నుంచి:

బిల్లు చూసుకోమన్నది మంచి మాట. పదిహేను మాత్రం ఒప్పుకోను. టిప్పులు తీసుకునే పనివారికి టెక్సస్‌లో యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చట్టానికి సరిపోతుంది, మిగతాది టిప్పుల నుంచి రావాలి. టిప్పులు కలిపినా గంటకు కనీస వేతనం 7.25 డాలర్లకు చేరకపోతేనే యజమాని తక్కువైనది పూడ్చాలి. మనం అడిగే ప్రతి ప్రశ్నకూ వంటింట్లోకి వెళ్లి వచ్చే మనిషి వాళ్లు. పది ప్రశ్నలు అడిగి పదిహేను శాతం ఇస్తే మన తర్వాత వెళ్లే శాకాహారికి జవాబు ఎవరు చెబుతారు?

శాన్ ఆంటోనియో నుంచి:

ఇద్దరూ శాంతించండి. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. దీన్ని మెక్సికో వంట అనకండి, అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. ఇది టెక్సస్‌లో స్థిరపడిన మెక్సికన్ కుటుంబాల వంట. పసుపు చీజ్, మైదా టోర్టియా, అంత దట్టంగా జీలకర్ర, ఇవన్నీ ఇక్కడి తీరు. 1731లో కెనరీ దీవుల నుంచి మా ఊరికి వచ్చి స్థిరపడిన కుటుంబాలే జీలకర్ర వాడకం తెచ్చాయని ఇక్కడ చెబుతారు. మా ఊరి కూడళ్లలో సాయంత్రాలు ఆడవాళ్లు బల్లలు వేసుకుని చిల్లీ, అంటే మిరపకాయలతో వండిన మాంసం కూర అమ్మేవారు. వాళ్లను చిల్లీ క్వీన్స్ అనేవారు. 1977లో చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించారు.

తాగడానికి అగ్వా దె హమైకా దొరికితే తప్పక తెప్పించుకోండి. ఎర్రగా, పుల్లగా ఉంటుంది. మన ఎర్ర గోంగూర మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకలను ఎండబెట్టి, నానబెట్టి చేస్తారు. గోంగూర తిని పెరిగినవారికి నచ్చకపోవడం ఉండదు.

ప్లేనో నుంచి:

తాగేవాటి మాట వస్తే మా డాలస్‌ను మరచిపోకండి. ఫ్రోజెన్ మార్గరీటా యంత్రాన్ని 1971లో మరియానో మార్టినెజ్ ఇక్కడే మొదలుపెట్టారు, అది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అమ్మాయికి హెచ్చరిక: చూడటానికి నిమ్మ షర్బత్తులా ఉంటుంది కానీ అందులో టెకీలా అనే మద్యం ఉంటుంది.

ఇర్వింగ్ నుంచి, పాత సభ్యురాలు:

అందరూ అన్నీ చెప్పారు, పాపం ఆ అమ్మాయి అడిగిన చేత్తో తినే సంగతి తప్ప. అమ్మా, చేత్తో హాయిగా తిను. టాకో, చీజ్ పెట్టి కాల్చిన టోర్టియా కేసదీయా, చిప్స్ అందరూ చేత్తోనే తింటారు. ఫహీతా అయితే టోర్టియాలో కూర పెట్టుకుని నువ్వే చుట్టుకోవాలి. గ్రేవీలో మునిగిన ఎంచిలాడాకు మాత్రం ఫోర్కు కావాలి.

కూర్చోగానే చిప్స్, సల్సా అనే టమాటా పచ్చడి తెస్తారు. చాలా చోట్ల ఉచితం, అయిపోతే మళ్లీ తెస్తారు. వాటితోనే కడుపు నింపుకోకు. వెజిటబుల్ ఫహీతా, మొక్కజొన్న టోర్టియాలు, నూనెతో చేసినవైతే నల్ల బీన్స్, అవకాడో మెదిపి చేసే గ్వాకమోలే, టమాటా, ఉల్లిపాయ ముక్కల పీకో దె గాయో. ఇది చాలు. చీలె రెయెనో అని పెద్ద మిరపకాయలో చీజ్ కూరి వేయిస్తారు, మన మిరపకాయ బజ్జీ అనుకుని ఆశపడకు, పైపూత గుడ్డుతో చేసినది. ఫ్లాన్, త్రెస్ లేచెస్ అనే స్వీట్లలోనూ గుడ్డు ఉంటుంది.

అన్నిటికన్నా ముందు రేపు మధ్యాహ్నం రెండు దాటాక, రద్దీ లేనప్పుడు ఫోన్ చేసి అడుగు. శుక్రవారం పన్నెండింటికి అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.

కొత్త సభ్యురాలు, ఇర్వింగ్:

అందరికీ ధన్యవాదాలు. ఫోన్ చేశాను. బీన్స్ నూనెతోనే, అన్నం కోడి నీళ్లతో, మైదా టోర్టియాల్లో కొవ్వు ఉందన్నారు. కూరగాయలను వేరే పెనంలో వేయిస్తామన్నారు. హమైకా కూడా ఉందట! ఇంకొక్క సందేహం: బిల్లు ఎవరు కడతారు?

ఇర్వింగ్ నుంచి, పాత సభ్యురాలు:

పిలిచింది మేనేజరు అయితే చాలాసార్లు కంపెనీయే కడుతుంది. ముందు రోజే పక్క సీటులోని వారిని అడుగు. ఎవరిది వారే అంటే, ఆర్డరు చెప్పేటప్పుడే బిల్లులు విడివిడిగా కావాలని సర్వరుకు చెప్పాలి. తిన్నాక చెబితే వాళ్లకు చాలా ఇబ్బంది.