పిప్పి పన్ను వాపు దవడ కిందికి దిగింది, ఇంకో రెండు రోజులు ఆగొచ్చా?

ప్రశ్న: 52 ఏళ్ళ మనిషి, షుగర్ ఉంది. కింది దవడ చివరి పన్ను పుచ్చి, వాపు గడ్డం కిందికి దిగింది. మెడికల్ షాపులో ఇచ్చిన అమాక్సిసిలిన్ (యాంటీబయాటిక్) రెండు రోజులుగా వాడుతున్నారు. నొప్పి తగ్గింది గానీ నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు. కోర్సు అయ్యేదాకా చూడొచ్చా?

దంతవైద్యుడు: ఆగకండి. నొప్పి తగ్గిందని ధైర్యపడొద్దు. పన్నులో బిగుసుకున్న చీము ఎముకను తొలుచుకుని బయటపడగానే నొప్పి తగ్గుతుంది, వాపు మొదలవుతుంది. కింది రెండో, మూడో దవడ పళ్ళ వేళ్ళు నోటి అడుగు కండరానికి దిగువన ఉంటాయి. అందుకే చీము చాలాసార్లు చిగురు మీద పొక్కులా తేలకుండా నేరుగా మెడలోకి జారుతుంది. రెండు పక్కలకీ పాకితే దాన్నే లుడ్విగ్స్ ఆంజైనా అంటారు (ఆంజైనా అని గుండెనొప్పిని కూడా అంటారు గానీ దీనికి గుండెతో సంబంధం లేదు). మూల కారణం పన్నులో ఉన్నంతవరకు మాత్రలు ఒక్కటే చాలవు. ఆయన తన మూడు వేళ్ళు ముందు పళ్ళ మధ్య నిలువుగా పెట్టుకోగలరా? రెండు కూడా పట్టకపోతే ఈ పూటే బయల్దేరాలి.

ఇ.ఎన్.టి. సర్జన్: వాపు ఎంత పెద్దదన్నది కాదు, ఎంత గట్టిదన్నది చూడండి. గడ్డం కింద నొక్కితే చెక్కలా తగులుతుందా? నాలుక కింద ఉబ్బి నాలుక పైకి లేచిందా? మాట ముద్దగా వస్తోందా, ఉమ్ము మింగలేక చొంగ కారుతోందా, వెల్లకిలా పడుకోలేకపోతున్నారా? వీటిలో ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. ఊపిరి పీల్చేటప్పుడు కూత వినిపించిందంటే బాగా ఆలస్యమైనట్టే. ఆక్సీమీటర్ 98 చూపిస్తోందని ఊరుకోవద్దు, గాలి దారి ఇరుకవుతున్నా చివరిదాకా ఆ అంకె బాగానే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: రెండు వేళ్ళు పట్టడం లేదండీ. మాట కూడా కాస్త ముద్దగానే ఉంది. జ్వరం మాత్రం 99. ఈలోపు వేడి కాపడం పెట్టమంటారా?

ఎమర్జెన్సీ డాక్టర్: కాపడం వద్దు, 108కి చేయండి. షుగర్ ఉన్నవాళ్ళలో, పారాసిటమాల్ వేసుకున్నవాళ్ళలో జ్వరం కనిపించకపోవచ్చు. నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. 22 లేదా అంతకన్నా ఎక్కువుంటే, మాట తికమకగా ఉంటే ఫోన్లోనే చెప్పండి, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకిందని అనుమానించాలి. దారిలో పడుకోబెట్టకండి, ముందుకు వంగి కూర్చోనివ్వండి. తిండి, నీళ్ళు ఆపండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఆఖరుసారి ఎప్పుడు తిన్నారో, షుగర్ మందులేవో రాసిపెట్టండి. షాపువాళ్ళిచ్చిన పొట్లం కూడా తీసుకెళ్ళండి. అందులో స్టెరాయిడ్ మాత్ర ఉంటే వాపు పైకి అణిగినట్టు కనిపిస్తుంది, షుగర్ మాత్రం ఎగబాకుతుంది. దగ్గరలోని క్లినిక్‌లో సమయం పోగొట్టుకోవద్దు. అనస్థీషియా డాక్టరు, ఐసీయూ, మెడ కోసి చీము తీసే సర్జన్ అందరూ, అన్నీ ఈ వేళకు అందుబాటులో ఉన్నాయా అని ఆస్పత్రికి ముందే ఫోన్ చేసి అడగండి.