జపాన్‌తో యుద్ధం చేసిన దేశం రాజధానిలో జపాన్ పూల పండగ ఎలా? (మా మామగారి ప్రశ్న)

హెర్న్‌డన్ కోడలు:

నమస్కారమండీ. మా అత్తమ్మ, మామయ్యగారు మార్చి మూడో వారంలో దిగుతున్నారు. అమెరికా రావడం ఇదే మొదలు. వాషింగ్టన్‌లో చెర్రీ బ్లాసమ్ ఫెస్టివల్ సరిగ్గా అప్పుడే కాబట్టి ముందు అదే చూపిద్దామనుకున్నాం. మేం వెళ్ళినప్పుడల్లా ఆ చెట్లున్న టైడల్ బేసిన్ అనే నీటి కొలను చుట్టూ తిరిగి, ఫొటోలు దిగి, జనంలో నలిగి ఇంటికి రావడమే. ఈసారి అలా కాకూడదని నా కోరిక.

కారణం మామయ్యగారే. ఆయన జీవితమంతా మొక్కల నర్సరీ నడిపారు. చెట్టు కనబడితే ముందు మొదలు చూస్తారు, పూలు తర్వాతే. వీడియో కాల్‌లో ఈ పండగ సంగతి చెప్తుంటే అంతా విని ఒక్కటే అడిగారు: "ఆ చెట్లు జపాన్ వాళ్ళు ఇచ్చారంటున్నావు. వాళ్ళూ వీళ్ళూ యుద్ధం చేసుకున్నారు కదమ్మా. వీళ్ళు వాళ్ళ ఊళ్ళ మీద అణుబాంబులు వేశారు కదా. మరి ఏటేటా ఈ పండగ ఎట్లా చేసుకుంటున్నారు?" నా దగ్గర జవాబు లేదు. మా వాడు బడిలో జపనీస్ నేర్చుకుంటున్నాడు, వాడికీ తెలియదు.

ఏ వారంలో తీసుకెళ్ళాలి? సకురా మత్సురికి (ఈ పండగలో భాగంగా జరిగే జపాన్ వీధి సంబరం) టికెట్ కొనొచ్చా, లేక పూలు చూస్తే సరిపోతుందా? అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. మామయ్యగారి ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్ళు మాత్రం దయచేసి కాస్త వివరంగా రాయండి.

సిల్వర్‌లైన్:

తేదీ ఎవరూ ముందుగా చెప్పలేరండీ. యోషినో అనే రకం చెర్రీ పూలలో 70 శాతం విచ్చుకున్న రోజుని నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళు పీక్ బ్లూమ్ అంటారు. 1990లో అది మార్చి 15కే వచ్చేసింది. 1958లో ఏప్రిల్ 18 దాకా రాలేదు. ఈమధ్య మాత్రం మార్చి దాటడం లేదు. పార్క్ సర్వీస్ అంచనా వచ్చాక రోజు ఖాయం చేసుకోండి. వారం మధ్యలో, తెల్లవారగానే వెళ్తే జనం పలచగా ఉంటారు. కారు తీసుకెళ్ళకండి. హెర్న్‌డన్‌లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కితే మారే పని లేకుండా స్మిత్‌సోనియన్ స్టేషన్‌లో దిగొచ్చు.

సకురా మత్సురి వేరే సంగతి. అది పెన్సిల్వేనియా అవెన్యూ మీద, పండగ చివర్లో, పరేడ్ జరిగే శని ఆదివారాల్లో ఉంటుంది. అప్పటికి బేసిన్ దగ్గర పూలు రాలిపోయి ఉండటమే ఎక్కువ. 2024లో పీక్ మార్చి 17న వస్తే మత్సురి ఏప్రిల్ 13, 14న జరిగింది. ఒకే రోజులో రెండూ చూడొచ్చనుకోవద్దు.

ఆర్లింగ్టన్ పిన్ని:

అమ్మాయ్, మీ మామగారి ప్రశ్న చదివి చాలా సంతోషపడ్డాను. చాలా ఏళ్ళుగా మత్సురిలో వాలంటీరుగా పనిచేస్తున్నాను. పూలు ఎప్పుడు పూస్తాయని అడిగేవాళ్ళే గానీ ఇది అడిగేవాళ్ళు తక్కువ. ఆయన నర్సరీ మనిషి అంటున్నావు కాబట్టి చెట్ల వైపు నుంచే చెప్తాను.

జపాన్ నుంచి కానుకగా మొదట వచ్చిన చెట్లు ఇక్కడ పూయనే లేదు. 1910 జనవరిలో టోక్యో నగరం పేరిట 2,000 మొక్కలు వాషింగ్టన్ చేరాయి. వ్యవసాయ శాఖ వాళ్ళు పరీక్ష చేస్తే పురుగులు, నులిపురుగులు, తెగుళ్ళు బయటపడ్డాయి. ఇక్కడి తోటలకి పాకుతాయన్న భయంతో అధ్యక్షుడు టాఫ్ట్ అనుమతి తీసుకుని మొత్తం తగలబెట్టేశారు. కానుకగా వచ్చినదాన్ని మంటల్లో వెయ్యడమంటే మాటలు కాదు. అక్కడితో రెండు వైపులా ముఖాలు తిప్పుకుని ఉంటే ఈ పండగే లేదు. టోక్యో వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. అడాచి అనే ప్రాంతంలో అరకావా నది గట్టు మీద పేరుపడ్డ సకురా చెట్లుండేవి. వాటి కొమ్మలు కోసి, అడవి చెర్రీ మొక్కల మీద అంటు కట్టి, చీడ లేకుండా పెంచారు. 1912లో 12 రకాలవి 3,020 మొక్కలు యొకొహామాలో అవా మారు అనే ఓడ ఎక్కాయి. మార్చి 27న అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య చిందా, ఇద్దరూ చెరొక యోషినో మొక్క నాటారు. ఆ రెండు చెట్లూ ఇప్పటికీ ఉన్నాయి. 1915లో అమెరికా బదులుగా డాగ్‌వుడ్ మొక్కలు పంపింది. 1935లో మొదటి పండగ జరిగింది.

ఇక యుద్ధం. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి. నాలుగో రోజున బేసిన్ దగ్గర నాలుగు చెర్రీ చెట్లని ఎవరో నరికేశారు. యుద్ధమయ్యేదాకా వీటిని జపాన్ చెట్లనకుండా ఓరియంటల్ చెట్లని పిలిచారు. పండగ ఆపేశారు, మళ్ళీ 1947లో గానీ మొదలవలేదు. చెట్ల సంగతి అలా ఉంచు, మనుషులకి జరిగింది ఇంకా ఘోరం. జపాన్ మూలాలున్నవాళ్ళని సుమారు 1,20,000 మందిని ఇళ్ళలోంచి లేవదీసి క్యాంపుల్లో పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పుట్టిన అమెరికా పౌరులు. ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇవ్వడానికి చట్టం చేసింది 1988లో.

అణుబాంబుల లెక్క ఈ పూలతో చెల్లిపోయిందని నేను అనను. నాతో పనిచేసే జపాన్ ఆవిడా అనదు. మీ మామగారికి అదే చెప్పు. కానీ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పు. యుద్ధం రోజుల్లో ఆలనాపాలనా లేక అరకావా గట్టు మీద చెట్లు దెబ్బతిన్నాయి. మన బేసిన్ చెట్లకి తల్లిచెట్లు అవే. వాటిని మళ్ళీ నిలబెట్టుకోవాలని జపాన్ వాళ్ళు సాయమడిగితే, 1952లో పార్క్ సర్వీస్ ఇక్కడి చెట్ల కొమ్మలు పంపింది. పిల్లచెట్ల నుంచి తీసిన అంటు తల్లిగట్టుకి చేరిందన్నమాట. యుద్ధం ముగిసి అప్పటికి ఏడేళ్ళే. అంటు కట్టే చేతులున్న మనిషికి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే నా సలహా, పూలు చూపించి తీసుకొచ్చెయ్యకు. బేసిన్ ఉత్తరపు గట్టున జపాన్ రాతి లాంతరు ఉంది. 1651లో చెక్కింది, 1954లో కానుకగా వచ్చింది. ఏటా పండగ రోజుల్లో ఒకసారి దాన్ని వెలిగిస్తారు. మొదట నాటిన రెండు చెట్లూ దాని దగ్గరే, పక్కన ఫలకం కూడా ఉంటుంది. ఆయన్ని అక్కడ కావలసినంతసేపు ఉండనివ్వు.

ఫెయిర్‌ఫాక్స్ పాఠకుడు:

పిన్నిగారు చెప్పినవి నిజమే, కాదనను. కానీ దీన్ని స్నేహంగా చూడటం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. రాయబారి భార్య, అధ్యక్షుడి భార్య మొక్కలు నాటడం దౌత్యం. 1954లో లాంతరు ఇవ్వడం, 1958లో జపాన్ కానుకగా ఇచ్చిన రాతి పగోడా (గోపురం) ప్రతిష్ఠించడం కూడా దౌత్యమే, అప్పటికి రెండు దేశాలకీ ఒకరితో ఒకరికి అవసరముంది. 2024లో జపాన్ ప్రధాని కిషిదా వచ్చి, అమెరికా 250 ఏళ్ళ పండగకి 250 చెట్లు ఇస్తామన్నారు. అదీ అంతే. తప్పని అనడం లేదు, మంచి దౌత్యమే. కానీ ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకి "దేశాలు అవసరాన్ని బట్టి కలుస్తాయి" అన్నదే సూటి జవాబని నా అభిప్రాయం.

ఆర్లింగ్టన్ పిన్ని:

బాబూ, దౌత్యం లేదని నేనూ అనను. కానీ ఈ పని ప్రభుత్వాలు మొదలుపెట్టింది కాదు. ఎలైజా సిడ్‌మోర్ అనే రచయిత్రి 1885లో జపాన్ నుంచి తిరిగొచ్చి, పొటోమాక్ ఒడ్డున ఈ చెట్లు నాటండని అధికారులని అడిగింది. వినలేదు. మారిన ప్రతి అధికారినీ అడిగింది. ఇరవై ఏళ్ళు దాటినా మానలేదు. చివరికి 1909లో, చందాలు పోగుచేసి తానే చెట్లు కొనిస్తానని హెలెన్ టాఫ్ట్‌కి ఉత్తరం రాసింది. ఆవిడ ఒప్పుకుంది. ఆ మాట జోకిచి తకమినె చెవిన పడింది. అడ్రినలిన్‌ని వేరుచేసిన రసాయన శాస్త్రవేత్త ఆయనే, అప్పటికే అమెరికాలో స్థిరపడ్డాడు. చెట్ల ఖర్చు తాను పెట్టుకుని టోక్యో నగరం పేరు పెట్టించాడు. మేయరు ఒజాకి సరేనన్నాడు. మరి ఒక రచయిత్రి, ఒక వలస వచ్చిన శాస్త్రవేత్త, వీళ్ళని నడిపింది ఏ రాజ్యపు అవసరం? సిడ్‌మోర్ అస్థికలు ఇప్పుడు యొకొహామాలో ఉన్నాయి.

మత్సురిలో నేను చూసేది కూడా ఇలాంటిదే. మా టెంటులో ఒక జపాన్ ఆవిడ కుంచెతో వచ్చినవాళ్ళ పేర్లు జపనీస్ లిపిలో రాసిస్తుంది. తమ పేరు కాగితం మీద ఆరేదాకా నిలబడ్డవాళ్ళు ఆవిడ్ని ఏ ఊరని, ఎప్పుడొచ్చారని అడుగుతారు. ఆవిడా వాళ్ళని అడుగుతుంది. అక్కడ ఒకసారి ఒక ముసలాయన తన చిన్నతనం క్యాంపులో గడిచిందని చెప్పాడు. వెనక వరస పెరిగిపోతున్నా ఎవరూ తొందరపెట్టలేదు. ఆయన పక్కన నిలబడి విన్న హైస్కూలు పిల్లలు ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వాళ్ళవాళ్ళకి చెప్పి ఉంటారు. దౌత్యం నాటించిన చెట్లే కావచ్చు, వాటి కింద ఇలాంటి మాటలు నడిపించేది మాత్రం మనుషులే. నేను ఏటా వెళ్ళేది అందుకే.

ఫెయిర్‌ఫాక్స్ పాఠకుడు:

సిడ్‌మోర్ విషయం నాకు తెలియదు పిన్నిగారూ. ఖర్చు తకమినె పెట్టుకున్నాడన్నది కూడా కొత్తగా వింటున్నాను. రాజ్యాల మాట పక్కన పెడితే ఈ ఇద్దరి వరకు మీతో ఏకీభవిస్తాను.

హెర్న్‌డన్ కోడలు:

పిన్నిగారూ, మీరు రాసినదంతా మామయ్యగారికి చదివి వినిపించాను. కొమ్మలు తిరిగి పంపిన దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. ఆ తర్వాత ఆ రెండు చెట్లకి ఇప్పుడు వందేళ్ళు దాటాయి కదా, చెర్రీ అంతకాలం బతుకుతుందా అని అడిగారు. గట్టు పనుల్లో చాలా చెట్లు కొట్టేశారని కూడా ఎక్కడో విన్నారట. నిజమేనా? మత్సురికి కూడా వెళ్ళాలని తేల్చేశారు. మరి అత్తమ్మ నడకకీ, తిండికీ ఏం చెయ్యమంటారు?

ఆర్లింగ్టన్ పిన్ని:

చెట్ల విషయంలో ఆయన అనుమానం సరైనదే. యోషినో మామూలుగా నలభై యాభై ఏళ్ళు బతుకుతుంది. 1912 నాటివి ఇన్నేళ్ళు నిలిచాయంటే పార్క్ సర్వీస్ తోటమాలుల చలవే. ఇప్పుడు బేసిన్ చుట్టూ ఉన్నవాటిలో చాలావరకు తర్వాత నాటినవి. 1965లో కూడా జపాన్ 3,800 చెట్లిచ్చింది. పాతవాటి కొమ్మల నుంచి పిల్లమొక్కలు కట్టి ఆ జాతి పోకుండా కాపాడుతున్నారు.

గట్టు పనీ నిజమే. బేసిన్ గోడ కుంగిపోయి రోజుకి రెండుసార్లు పోటు నీళ్ళు నడకదారి మీదికి వచ్చేవి. ఆ నీళ్ళు వేళ్ళని చంపేస్తాయి. గోడ మళ్ళీ కట్టడానికి 2024లో సుమారు 140 చెర్రీ చెట్లు తీసేశారు. స్టంపీ అని జనం ముద్దుగా పిలుచుకున్న బోలు చెట్టు కూడా వాటిలో పోయింది. దాని కొమ్మలు నేషనల్ అర్బొరేటమ్‌కి (ప్రభుత్వ చెట్ల తోట) తీసుకెళ్ళారు. పని పూర్తయ్యాక తీసినవాటికంటే ఎక్కువే నాటాలన్నది వాళ్ళ ప్రణాళిక. కంచెలు, దారి మళ్ళింపులు ఉండొచ్చు, బయల్దేరే ముందు చూసుకో.

మీ అత్తగారికి బేసిన్ చుట్టూ పూర్తి నడక పెట్టకు, అది రెండు మైళ్ళు. స్టేషన్ నుంచి లాంతరు దాకా రావడమే ఆవిడకి దూరం. మడిచే చక్రాల కుర్చీ ఒకటి తీసుకెళ్ళు, స్మిత్‌సోనియన్‌లో లిఫ్టు ఉంది. లాంతరు వైపు గట్టు మీదే కూర్చోబెట్టు, నీళ్ళకవతల జెఫర్సన్ మెమోరియల్, చుట్టూ పూలు, అన్నీ అక్కడినుంచే కనబడతాయి.

మత్సురికి టికెట్ కొను. తైకో డప్పులు మొదలైతే మీ వాడు కదలడు. తిండి దగ్గర జాగ్రత్త. కూరగాయలదని రాసి ఉన్న నూడిల్స్ పులుసులో కూడా చేప రసం ఉండొచ్చు, ఓకొనొమియాకి అనే అట్టు మీద చేప పొరలు చల్లుతారు, తకొయాకి అనే ఉండల లోపల ఆక్టోపస్. ప్రతిచోటా అడిగి కొనండి, ఏమీ అనుకోరు. మోచి (బియ్యప్పిండి ముద్దలు), ఊమెబోషి (ఊరబెట్టిన పుల్లటి పండు) పెట్టిన అన్నం ముద్దలు, రామునె సోడా దొరికితే వాళ్ళిద్దరికీ పెద్దగా ఇబ్బంది ఉండదు. అయినా పెద్దవాళ్ళు ఇంట్లోనే పెరుగన్నం తిని బయల్దేరడం మేలు.

మత్సురి నుంచి తిరిగొచ్చేటప్పుడు క్యాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) దగ్గర లూసియానా అవెన్యూ, డి స్ట్రీట్ కలిసేచోటికి తప్పకుండా తీసుకెళ్ళు. యుద్ధకాలపు జపనీస్ అమెరికన్ల కోసం 2000లో కట్టిన స్మారకం ఉంది. ముళ్ళతీగలో చిక్కుకున్న రెండు కంచు సారస పక్షులు, చుట్టూ పది క్యాంపుల పేర్లు, అమెరికా తరఫున పోరాడి చనిపోయిన జపనీస్ అమెరికన్ సైనికుల పేర్లు. పూల దగ్గర కనిపించే జనంలో అక్కడికి వచ్చేది బహు తక్కువ. మీ మామగారి ప్రశ్నలో సగం అక్కడ ఉంది.

ఒకవేళ జెట్‌లాగ్ తీరేలోపు యోషినో రాలిపోతే దిగులు పడకండి. రెండు వారాల తర్వాత ముద్దగా, ముదురు గులాబీ రంగులో పూసే క్వాంజన్ రకం ఉంది. అవి ఎక్కువగా ఈస్ట్ పొటోమాక్ పార్కులో ఉంటాయి. అక్కడ జనం తక్కువ. ఫొటో కోసం కొమ్మలు వంచడం, పూలు తుంచడం మాత్రం పిల్లాణ్ణి చెయ్యనివ్వకు, అది నిషేధం.