స్నేహితుణ్ణి ఇంట్లో భార్య హింసిస్తోంది: నేను ఎలా అండగా నిలవాలి?

ప్రశ్న:
చాలా కాలంగా తెలిసిన స్నేహితుడొకరు ఈ మధ్య ఎవరినీ కలవడం మానేశారు. గట్టిగా అడిగితే, భార్య చేతికందిన వస్తువుతో కొడుతోందనీ, జీతమంతా తన దగ్గరే ఉంచుకుని ప్రతి ఖర్చుకూ లెక్క అడుగుతోందనీ, ఫోన్‌లోని సందేశాలన్నీ చదువుతోందనీ చెప్పారు. పోలీసుల మాట ఎత్తితే వద్దంటున్నారు. నేనే వెళ్లి ఆమెతో మాట్లాడితే మంచిదా?

సమాధానం 1:
మాట్లాడవద్దు. ఇంటిగుట్టు బయటపెట్టాడన్న కోపం ఆయన మీదే తీరుతుంది, మిమ్మల్ని కలిసే దారి కూడా మూసుకుపోతుంది. ముందుగా, ఆయన చెప్పినది నమ్ముతున్నానని స్పష్టంగా అనండి. "మగవాడివై ఉండి తిరిగి ఒక్కటి వేయలేవా?" అన్న మాట విన్న మనిషి రెండోసారి నోరు విప్పడు, పైగా చేయి చేసుకుంటే కేసు ఆయన మీదే పడవచ్చు. పోలీసులంటే వెనకాడడాన్ని పిరికితనం అనుకోకండి. "నువ్వే కొట్టావని చెబుతాను, పిల్లల్ని చూడనివ్వను" అన్న బెదిరింపు దాని వెనక ఉండవచ్చు.

సమాధానం 2:
జీతం, ఫోన్ సంగతులను దెబ్బల కంటే చిన్నవిగా చూడవద్దని నా మనవి. డబ్బు, రాకపోకలు, స్నేహాలు క్రమంగా ఒకరి గుప్పిట్లోకి వెళ్లడాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015లో చేసిన చట్టం నేరంగా పరిగణిస్తుంది. బాధితులు పురుషులైనా అది వర్తిస్తుంది. అన్ని దేశాల చట్టాలూ అలా లేవు కనుక, ఆయన ఉన్నచోట ఏ రక్షణ దొరుకుతుందో న్యాయవాదిని అడగాలి. గాయమైతే వైద్యుడికి అసలు కారణమే చెప్పమనండి (జారిపడ్డానని చెప్పేవారు చాలామంది ఉంటారు), ఆ నమోదు తరువాత సాక్ష్యమవుతుంది. ఆయన ఒప్పుకుంటే ఫొటోలు, తేదీలతో రాసిన వివరాలు మీ దగ్గర దాచండి. ఇవేవీ ఫోన్‌లో చర్చించకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఇల్లు వదిలి వచ్చేయమని గట్టిగా చెప్పవచ్చా?

సమాధానం 3:
నిర్ణయం ఆయనకే వదలండి. విడిపోతానని చెప్పే సమయంలోనూ, విడిపోయిన తొలి రోజుల్లోనూ హింస తీవ్రమయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ఎక్కడ ఉండాలో, గుర్తింపు పత్రాలు ఎలా తెచ్చుకోవాలో, పిల్లల సంగతేమిటో ముందే ఆలోచించుకోవాలి. గొంతు నులమడం, ఆయుధం చూపడం వంటివి జరిగితే మాత్రం ఆగకుండా అత్యవసర సహాయాన్ని పిలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని కూడా సూటిగా అడగండి; అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఒకసారి బయటికి వచ్చి మళ్లీ ఆ ఇంటికే వెళ్లినా, విసుగుతో రాకపోకలు మానుకోకండి.