ట్రోమ్సోలో అరోరా కోసం వెతుకుతున్నవారికి

నమస్కారం. నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సోకు వచ్చిన తొలి చలికాలంలోనే అరోరాను, అంటే ధ్రువ ప్రాంతపు రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులను, చూసి ఫొటో తీయాలన్న మీ కోరికకు నేను చెప్పగల మాట ఒక్కటే: కేపీ అంకె వెంట కాక, మబ్బులేని ఆకాశం వెంట వెళ్లండి. కేపీ అంటే భూమి మొత్తం మీద అయస్కాంత అలజడి ఎంత ఉందో 0 నుంచి 9 వరకు చెప్పే అంకె. ట్రోమ్సో అరోరా వలయం, అంటే ధ్రువం చుట్టూ అరోరా తరచుగా కనిపించే పట్టీ, కిందనే ఉంది కాబట్టి, ఇక్కడ కేపీ 2 దగ్గర ఉన్న రాత్రి కూడా తలపైన ఆకుపచ్చ తెరలు ఊగడం చూడవచ్చు. నా మొదటి ఏడాది కేపీ 6 అని చూసి ఎగిరి గంతేసి, ఊరి ఒడ్డునే నాలుగు గంటలు నిలబడి, మబ్బును మాత్రం తనివితీరా చూసి ఇంటికి వచ్చాను.

సముద్రపు తేమ చాలావరకు తీరంలోని కొండల మీదే కురిసిపోతుంది కాబట్టి, లోపలికి వెళ్లేకొద్దీ ఆకాశం తేటపడే అవకాశం ఎక్కువ. అందుకే మేము యర్ అనే నార్వే వాతావరణ సేవలో మబ్బుల పటం చూసుకుని, లోపలి వైపున్న షిబోట్న్ ఊరి వైపు, అక్కడా కుదరకపోతే ఫిన్లాండ్ సరిహద్దు దాటి కిల్పిస్యార్వి ఊరి వరకు వెళతాము. సరిహద్దులో సాధారణంగా ఎవరూ ఆపరు; అయినా పాస్‌పోర్టు, నివాస కార్డు వెంట ఉంచుకోండి. కారును రోడ్డు వారన ఆపకుండా పార్కింగ్ స్థలంలోనే ఆపి, మెరిసే పట్టీల చొక్కా వేసుకున్నాకే దిగండి. సూర్యుడు ఉదయించని డిసెంబరులోనే అరోరా బాగుంటుందనుకోవడం పొరపాటు; సెప్టెంబరు చివర, మార్చి నెలల్లో అయస్కాంత అలజడి సగటున ఎక్కువ, సెప్టెంబరులో చలి కూడా తక్కువ.

కంటికి బూడిదరంగు మబ్బులా కనిపించేది కెమెరాలో పచ్చగా వస్తే ఆశ్చర్యపోకండి, మసక వెలుగులో మన కన్ను రంగులను సరిగా పట్టలేదు. ట్రైపాడ్ తప్పనిసరి. ఆటోఫోకస్ చీకట్లో పనిచేయదు కనుక, ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని తెరమీద పెద్దది చేసి, అది చిన్న చుక్కగా కుదించుకునేదాకా లెన్సు ఫోకస్ రింగును చేత్తో తిప్పండి. ఎఫ్ 2.8 (లెన్సు ఎంత తెరుచుకోవాలో), ఐఎస్ఓ 1600 (వెలుగును కెమెరా ఎంత పట్టాలో), 8 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో మొదలుపెట్టి, తెరలు వేగంగా కదులుతుంటే ఐఎస్ఓ పెంచి సమయాన్ని 2 సెకన్లకు తగ్గించండి. లేకపోతే వాటి మడతలన్నీ కలిసి పచ్చటి పొగలా వస్తుంది. అదనపు బ్యాటరీని లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా పెట్టుకోండి. తిరిగి కారులోకి ఎక్కే ముందు కెమెరా మెమరీ కార్డును బయటికి తీసుకుని, కెమెరాను సంచిలో మూసి, ఇంట్లో కూడా కొన్ని గంటలు తెరవకుండా ఉంచితే లెన్సుకు నీటిచెమ్మ పట్టదు.